విమ్ నుంచి బయటకు రావడం తర్వాత సంగతి.. ముందు ఆ డిఫాల్ట్ సెట్టింగ్స్ సంగతి చూద్దాం!

కొత్త ఫోన్ చేతికి రాగానే మనం చేసే మొదటి పని సెట్టింగ్స్‌లోకి వెళ్లడం. కీబోర్డ్ వైబ్రేషన్ ఆఫ్, లాక్ స్క్రీన్ మీద యాడ్స్ ఆఫ్, అక్కర్లేని యాప్స్ అన్‌ఇన్‌స్టాల్. రివ్యూల్లో కూడా కంపెనీలను ఎక్కువగా తిట్టేది ఇందుకే. 'ఇది డిఫాల్ట్‌గా ఎందుకు ఆన్‌లో ఉంది బాబూ' అని. అదే టెర్మినల్‌లో వాడే టెక్స్ట్ ఎడిటర్ దగ్గరికి వచ్చేసరికి తప్పు ఎప్పుడూ మనదే. విమ్ నుంచి బయటకు రాలేకపోయావా? నీకు రాదు, పోయి నేర్చుకో. మీమ్స్ కూడా అన్నీ కొత్తగా వాడేవాడి మీదే.

నాకు ఈ లెక్క నచ్చదు. ఎందుకో చెప్పాలంటే ముందు నా పరువు పోయిన కథ ఒకటి చెప్పాలి.

ఉద్యోగంలో చేరి మూడో నెల. మర్నాడు ఉదయం క్లయింట్‌కి డెమో. ఆ సర్వర్‌లోకి అప్పటిదాకా అందరం పాస్‌వర్డ్‌తోనే లాగిన్ అవుతున్నాం. అది సేఫ్ కాదు, ఎస్‌ఎస్‌హెచ్ కీ పెట్టేసి పాస్‌వర్డ్ లాగిన్ ఆపేయమన్నారు. చిన్న పనే కదా అనుకున్నా. ల్యాప్‌టాప్‌లో నా పబ్లిక్ కీ కాపీ చేసి, సర్వర్‌లో ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌ని నానోలో తెరిచి పేస్ట్ చేశా. కంట్రోల్ ఓ, ఎంటర్, కంట్రోల్ ఎక్స్. తర్వాత పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి, సర్వీస్ రీస్టార్ట్ చేసి, దర్జాగా విండో మూసేశా. మళ్లీ లాగిన్ అవుదామని చూస్తే 'పర్మిషన్ డినైడ్'. ఇంకోసారి. అదే. టైమ్ రాత్రి పదకొండున్నర.

మా సీనియర్‌కి ఫోన్ చేశా. "అన్నా, సర్వర్‌లోకి పోలేకపోతున్నా."

"ఇంకో సెషన్ ఓపెన్ పెట్టుకోలేదా?"

"లేదన్నా."

కాసేపు అటు నుంచి మాట లేదు. తర్వాత క్లౌడ్ కన్సోల్ నుంచి ఆయనే లోపలికి వెళ్లి, ఫైల్ తెరిచి చూసి అడిగాడు. "కీ రెండు లైన్లల్ల ఉంది తమ్ముడూ. మధ్యలో ఎంటర్ కొట్టినవా?"

నేను కొట్టలేదు. నానో కొట్టింది!

జరిగింది ఇది. పబ్లిక్ కీ అంటే ఒకే ఒక్క పొడవాటి లైన్. మొదట కీ రకం పేరు, ఒక స్పేస్, ఆ తర్వాత వందల అక్షరాల కీ. అది రెండు ముక్కలైతే ఎస్‌ఎస్‌హెచ్‌కి పనికిరాదు. ఆ సర్వర్‌లో ఉన్నది నానో పాత 2 సిరీస్ వెర్షన్. అందులో డిఫాల్ట్ ఏంటంటే, లైన్ స్క్రీన్ వెడల్పు దాటబోతుంటే దగ్గర్లో ఉన్న స్పేస్ దగ్గర విరిచేసి నిజమైన కొత్త లైన్ పెట్టేస్తుంది. చూడటానికి మడతపెట్టినట్టు చూపించడం కాదు, ఫైల్‌లోనే మార్చేయడం. ఈమెయిల్ రాసుకునే రోజుల్లో అది సౌకర్యం. కాన్ఫిగ్ ఫైల్‌కి అది విషం. దీన్ని ఆపడానికి హైఫన్ డబ్ల్యూ అనే ఆప్షన్ ఉంది. మాన్యువల్ పేజీలో రాసి కూడా ఉంది. అంటే డాక్యుమెంటేషన్ లేదని అనలేం. కానీ లైన్ విరిగిన క్షణంలో స్క్రీన్ మీద నాకు ఒక్క ముక్క కూడా కనిపించలేదు. తప్పు జరిగిందని తెలియనివాడు మాన్యువల్‌లో దేనికోసం వెతుకుతాడు?

నానో వాళ్లు దీన్ని సరిచేశారు. 2019 మార్చిలో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి పొడవాటి లైన్‌ను డిఫాల్ట్‌గా విరవడం మానేశారు. ఫైల్ చివర మీరు అడగకుండా కొత్త లైన్ చేర్చడం కూడా అప్పుడే ఆపేశారు. నేను దెబ్బ తిన్న రాత్రికి ఆ మార్పు వచ్చి రెండేళ్లు దాటింది. కానీ సర్వర్లు ఫోన్లలాగా రాత్రికి రాత్రి అప్‌డేట్ కావు కదా. డిఫాల్ట్ ఒకసారి తప్పుగా బయటకు వెళ్తే, దాని కంపు ఏళ్ల తరబడి ఉంటుంది.

విఐ కథ: అది 1976 నాటి కీబోర్డ్

'నీకు నచ్చినట్టు సెట్టింగ్స్ మార్చుకో' అనేది ఎడిటర్ అభిమానుల రెడీమేడ్ సమాధానం. సొంత ల్యాప్‌టాప్‌లో అయితే ఓకే. క్లయింట్ సర్వర్‌లో, కంటైనర్ లోపల, ఫ్రెండ్ మెషీన్‌లో మన కాన్ఫిగ్ ఉండదు. అక్కడ ఉండేది డిఫాల్ట్ ఒక్కటే. పైగా టెర్మినల్ ఎడిటర్ ఎక్కువగా అవసరం పడేది అలాంటి చోటే, అదీ ఏదో మండిపోతున్నప్పుడు.

ఈ డిఫాల్ట్స్ ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే సగం చిక్కు విడిపోతుంది. బిల్ జాయ్ 1976 ప్రాంతంలో బర్క్‌లీలో విఐ రాస్తున్నప్పుడు ఆయన ముందున్నది ఏడీఎం 3ఏ అనే టెర్మినల్. దాని కీబోర్డ్‌లో హెచ్, జే, కే, ఎల్ కీల మీదే బాణం గుర్తులు ముద్రించి ఉంటాయి. ఎస్కేప్ కీ ఇవాళ మన ట్యాబ్ కీ ఉన్న చోట ఉంటుంది, అంటే చిటికెన వేలు చాపితే చాలు. ఇంటి నుంచి వాడే మోడెమ్ స్పీడ్ 300 బాడ్. స్క్రీన్ మీద ఒక్కో అక్షరం మెల్లగా వచ్చే కాలంలో ఒక్క అక్షరం కమాండ్లు తెలివైన డిజైన్. నన్నడిగితే ఇప్పటికీ తెలివైన డిజైనే, నేను రోజూ వాడేది అదే. కాకపోతే ఆ కీబోర్డ్ పోయింది, ఆ మోడెమ్ పోయింది, డిఫాల్ట్స్ మిగిలాయి.

బ్రామ్ మూలెనార్ 1991లో అమిగా కంప్యూటర్ కోసం విమ్ విడుదల చేశాడు. పాత విఐ వాడేవాళ్లకు ఇబ్బంది రాకూడదని 'కంపాటిబుల్' అనే సెట్టింగ్ పెట్టాడు. సొంత కాన్ఫిగ్ ఫైల్ లేకపోతే విమ్ అచ్చం విఐలా నటించేది. అంటే అన్‌డూ ఒక్క మెట్టే. ముందు రాసిన అక్షరాల మీద బ్యాక్‌స్పేస్ పనిచేయదు. ఇన్సర్ట్ మోడ్‌లో బాణం కీ నొక్కితే కర్సర్ కదలదు, ఏ, బీ, సీ, డీ అని అక్షరాలు పడతాయి. ఇది పాత కథ అనుకుంటున్నారా? ఉబుంటులో ముందే వచ్చే చిన్న సైజు విమ్‌లో, అంటే విమ్ టైనీలో, ఈ ఏబీసీడీల ముచ్చట చాలామంది చూసే ఉంటారు. కాలేజీ ల్యాబ్‌లో నేను మొదట చూసింది అదే. కీబోర్డ్ పాడైందని ల్యాబ్ అసిస్టెంట్‌కి చెప్పి సిస్టమ్ మార్పించుకున్నా కూడా!

ఒక్క లైన్ రాస్తే రంగులన్నీ పోయాయి

2016 సెప్టెంబర్‌లో విమ్ 8.0 వచ్చింది. దాంతోపాటు 'డిఫాల్ట్స్ డాట్ విమ్' అనే ఫైల్ వచ్చింది. సింటాక్స్ రంగులు, వెతుకుతున్నప్పుడే మ్యాచ్ చూపించడం, కర్సర్ చుట్టూ పైనా కిందా అయిదు లైన్లు కనిపించేలా ఉంచడం, మౌస్, సరిగ్గా పనిచేసే బ్యాక్‌స్పేస్.. ఇలా పాతికేళ్లుగా ప్రతివాడూ తన కాన్ఫిగ్‌లో రాసుకుంటున్నవి అందులో ఉన్నాయి. మంచి పని. కానీ పాత యూజర్ల కాన్ఫిగ్ చెడిపోకూడదు కదా. అందుకే ఒక షరతు పెట్టారు. మీకు సొంతంగా విమ్‌ఆర్‌సీ ఫైల్ లేకపోతేనే ఇది లోడ్ అవుతుంది.

ఇప్పుడు కొత్తగా నేర్చుకునేవాడి వైపు నుంచి చూడండి. వారం రోజులు విమ్ వాడాడు. రంగులు వస్తున్నాయి, అంతా బాగుంది. లైన్ నంబర్లు కావాలనిపించింది. ఎక్కడో చదివి విమ్‌ఆర్‌సీ ఫైల్ సృష్టించి అందులో ఒకే ఒక్క లైన్ రాశాడు, 'సెట్ నంబర్' అని. సేవ్ చేసి మళ్లీ తెరిచాడు. నంబర్లు వచ్చాయి. రంగులు పోయాయి! మౌస్ పోయింది. స్క్రోలింగ్ ఏదో తేడాగా ఉంది. ఒకటి అడిగితే ఒకటి ఇచ్చి నాలుగు లాక్కున్నట్టు. తను రాసిన లైన్‌లో తప్పు కోసం వెతుకుతాడు. అందులో తప్పేమీ లేదు.

దీనికి పరిష్కారం మీ విమ్‌ఆర్‌సీ మొదటి లైన్‌లో ఆ డిఫాల్ట్స్ ఫైల్‌ని మీరే సోర్స్ చేయడం. రాయాల్సింది ఏంటంటే, 'సోర్స్' అనే కమాండ్, ఆ తర్వాత డాలర్ గుర్తుతో పెద్ద అక్షరాల్లో విమ్‌రన్‌టైమ్, స్లాష్, డిఫాల్ట్స్ డాట్ విమ్. హెల్ప్‌లో డిఫాల్ట్స్ డాట్ విమ్ అని కొడితే ఈ సంగతి శుభ్రంగా రాసి ఉంటుంది. ఆ ఫైల్ తెరిచినా పైన కామెంట్లలో ఉంటుంది. కానీ అసలు అలాంటి ఫైల్ ఒకటుందని తెలిసినవాడికి కదా అక్కడిదాకా వెళ్లే అవకాశం! నానోతో నాకు జరిగిందీ ఇదే. డాక్యుమెంటేషన్ ఉండటం వేరు, దెబ్బ తగిలిన చోట ఉండటం వేరు.

పాతవాళ్లకూ దెబ్బలు తగిలాయి, అది కూడా చెప్పాలి. 2017లో డెబియన్ 9తో ఈ కొత్త డిఫాల్ట్స్ సర్వర్లకు చేరాయి. మౌస్ ఆన్‌లో ఉండటంతో టెర్మినల్‌లో మౌస్‌తో సెలెక్ట్ చేసి కాపీ చేయడం, రైట్ క్లిక్‌తో పేస్ట్ చేయడం ఒక్కసారిగా ఆగిపోయాయి. మౌస్ ఇప్పుడు విమ్ చేతిలో ఉంది కాబట్టి. అడ్మిన్లు గోల గోల చేశారు. నేను వాళ్లను తప్పుపట్టను, ఏళ్ల తరబడి చేతికి పట్టిన అలవాటు ఒక అప్‌డేట్‌తో పోతే ఎవరికైనా మండుతుంది. షిఫ్ట్ కీ పట్టుకుని సెలెక్ట్ చేస్తే చాలా టెర్మినల్స్‌లో పాత పద్ధతే పనిచేస్తుంది. ఇది కూడా ఎవరో ఒకరు చెవిలో చెప్పాల్సిన విషయమే.

ఇదే మౌస్ సమస్యను నియోవిమ్ ఎలా డీల్ చేసిందో చూస్తే నాకు భలే ముచ్చటేసింది. 2022లో వచ్చిన 0.8 వెర్షన్‌లో వాళ్లూ మౌస్‌ని డిఫాల్ట్‌గా ఆన్ చేశారు. కానీ రైట్ క్లిక్ చేస్తే వచ్చే మెనూలోనే 'మౌస్‌ను డిసేబుల్ చేయడం ఎలా' అనే ఐటమ్ పెట్టారు. నొక్కితే నేరుగా ఆ హెల్ప్ పేజీ తెరుచుకుంటుంది. కోపంతో రైట్ క్లిక్ చేసినవాడి కళ్ల ముందే సమాధానం. నా దృష్టిలో పది పేజీల మాన్యువల్ కంటే ఈ ఒక్క మెనూ ఐటమ్ గొప్పది.

నియోవిమ్ వాళ్లు ఒక్క మౌస్‌తో ఆగలేదు. కంపాటిబుల్ మోడ్‌ని పూర్తిగా తీసేశారు. 2024లో వచ్చిన 0.10లో కామెంట్ చేసే షార్ట్‌కట్ ప్లగిన్ లేకుండానే వచ్చింది, కొత్త కలర్‌స్కీమ్ వచ్చింది. 2025 మార్చిలో 0.11తో లాంగ్వేజ్ సర్వర్ షార్ట్‌కట్స్ కూడా డిఫాల్ట్‌గా వచ్చేశాయి. విమ్‌కీ దీనికీ ఏ డిఫాల్ట్స్ తేడానో హెల్ప్‌లో ఒకే పేజీలో జాబితా ఇచ్చారు, అది చదవడానికి పది నిమిషాలు పట్టదు. విమ్ నుంచి మారాలనుకునేవాళ్లు ముందు అది చదివి తర్వాత యూట్యూబ్‌లో 'నా సెటప్' వీడియోలు చూడండి. లేకపోతే ఇప్పటికే ఆన్‌లో ఉన్నవాటిని మళ్లీ ఆన్ చేసే రెండొందల లైన్ల కాన్ఫిగ్ కాపీ కొట్టుకుంటారు. నేను కొట్టా కాబట్టి చెప్తున్నా.

హెల్ప్ ఉంది, కానీ తాళంచెవి ఏది?

విమ్ హెల్ప్‌ని తిట్టేవాళ్లను చూస్తే నాకు కాస్త బాధే. నిజంగా బాగా రాసిన డాక్యుమెంటేషన్ అది. ఇంటర్నెట్ లేకపోయినా మొత్తం మీ మెషీన్‌లోనే ఉంటుంది. విమ్‌ట్యూటర్ అనే కమాండ్ కొడితే అరగంటలో బేసిక్స్ నేర్పిస్తుంది, అది కూడా చదివించి కాదు, చేయించి. సమస్య ఏంటంటే వెతకాలంటే దాని భాష తెలియాలి. ఆప్షన్ పేరు అయితే సింగిల్ కోట్స్‌లో రాయాలి. కమాండ్ అయితే ముందు కోలన్ పెట్టాలి. ఇన్సర్ట్ మోడ్‌లో కంట్రోల్ డబ్ల్యూ ఏం చేస్తుందో చూడాలంటే ముందు ఐ, అండర్‌స్కోర్ పెట్టి అడగాలి. ఇవేవీ లేకుండా అడిగితే అదే పేరుతో ఉన్న వేరే పేజీ రావచ్చు. ఈ మూడు నియమాలు తెలిశాక నేను ఆన్‌లైన్‌లో వెతకడం సగానికి సగం తగ్గింది. హెల్ప్‌గ్రెప్ కమాండ్‌తో మామూలు పదాలతో కూడా వెతకొచ్చు, అదొకటి గుర్తుపెట్టుకోండి.

స్టాక్ ఓవర్‌ఫ్లోలో 'విమ్ నుంచి బయటకు రావడం ఎలా' అనే ప్రశ్న 2012లో పడింది. 2017కల్లా దాన్ని పది లక్షల మందికి పైగా చూశారని ఆ సైటే సరదాగా ప్రకటించింది. అందరూ నవ్వుకున్నాం. అంతమంది ఒకే తలుపు దగ్గర ఆగిపోయారంటే తలుపు మీద బోర్డు సరిగ్గా లేదని కదా అర్థం? ఇప్పుడు విమ్‌లో కంట్రోల్ సీ కొడితే కింద బయటకు వెళ్లే కమాండ్ చూపిస్తుంది. భయపడ్డవాడి చెయ్యి మొదట వెళ్లేది ఆ కీ మీదకే కాబట్టి, బోర్డు సరైన చోటే పెట్టారు.

మిగతావాళ్లు ఈ ప్రశ్నకు తలా ఒక సమాధానం ఇచ్చారు. ఫెడోరా 33 నుంచి, అంటే 2020లో, డిఫాల్ట్ ఎడిటర్‌ని విఐ నుంచి నానోకి మార్చింది. గిట్ కమిట్ కొట్టగానే తెలియని స్క్రీన్‌లో ఇరుక్కోకుండా అన్నమాట. మైక్రో అనే ఎడిటర్‌లో కంట్రోల్ ఎస్, కంట్రోల్ సీ, కంట్రోల్ జెడ్ మనకు తెలిసినట్టే పనిచేస్తాయి, నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. మైక్రోసాఫ్ట్ కూడా 2025లో 'ఎడిట్' పేరుతో చిన్న టెర్మినల్ ఎడిటర్ వదిలింది. సైజు 250 కేబీ కంటే తక్కువ. మోడ్స్ ఎందుకు పెట్టలేదంటే ఆ 'విమ్ నుంచి బయటకు రావడం' జోక్ మళ్లీ రాకూడదని వాళ్లే చెప్పారు. నానో 8.0లో కంట్రోల్ ఎఫ్ అంటే వెతకడం అయింది, అది రావడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది. కిందున్న షార్ట్‌కట్స్ వరుసలో టోపీ గుర్తు అంటే కంట్రోల్ అని మాత్రం ఇప్పటికీ తెలిసినవాడికే తెలుస్తుంది.

వీటన్నిట్లో నాకు బాగా నచ్చింది హీలిక్స్. ఇందులో మోడ్స్ ఉన్నాయి, విమ్ అంత పవర్ ఉంది. కానీ స్పేస్ కీ నొక్కి ఆగితే తర్వాత ఏ కీ ఏం చేస్తుందో ఒక చిన్న పెట్టెలో చూపిస్తుంది. అంటే మాన్యువల్ మీ వేళ్ల వెంటే నడుస్తుంది. కాన్ఫిగ్ ఫైల్ ఖాళీగా ఉన్నా రంగులు, లాంగ్వేజ్ సర్వర్ పనిచేస్తాయి, సర్వర్ ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అయి ఉంటే చాలు. ఇబ్బంది ఒక్కటే, విమ్ అలవాటైన వేళ్లకు ఇందులో వరుస తిరగబడుతుంది. ముందు సెలెక్ట్ చేసి తర్వాత డిలీట్ కొట్టాలి. నాకు రెండు వారాలు పట్టింది, ఇప్పటికీ సర్వర్ మీదకు వెళ్తే తడబడతా.

ఫోన్‌లో ట్రై చేసేవాళ్లకు ఒక మాట. టెర్మక్స్‌లో నానో ముందే ఉంటుంది, విమ్ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. కీబోర్డ్ పైన ఎస్కేప్, కంట్రోల్, బాణం కీల వరుస ఉంటుంది. అది లేకపోయినా వాల్యూమ్ డౌన్ పట్టుకుంటే కంట్రోల్, వాల్యూమ్ అప్ పట్టుకుని ఈ కొడితే ఎస్కేప్. ఇది తెలియక నేను ఒకసారి బస్సులో విమ్ తెరిచి, చివరికి యాప్‌నే కిల్ చేశా.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో డిఫాల్ట్ తగులుతుంది. ఫోన్‌లో 'కి' రాసి బ్యాక్‌స్పేస్ కొడితే గుడి మాత్రమే పోయి 'క' మిగులుతుంది. విమ్‌లో మొత్తం అక్షరం పోతుంది. 'డెల్‌కంబైన్' అనే ఆప్షన్ ఆన్ చేస్తే ఫోన్‌లో లాగే గుర్తు ఒక్కటే పోతుంది, అది డిఫాల్ట్‌గా ఆఫ్. 'స్త్రీ' లాంటి మాట దగ్గర అయితే విమ్ దాన్ని మూడు అక్షరాలుగా లెక్కేస్తుంది, ఎక్స్ మూడుసార్లు కొట్టాలి. తెలుగు కోసం ఎవరో కావాలని ఇలా పెట్టలేదు, మనలో ఎవరూ అడిగి ఉండరు, అంతే.

డెమో రాత్రి తర్వాత నేను టీమ్ సర్వర్ సెటప్ స్క్రిప్ట్‌లో రెండు మార్పులు పెట్టా. నానోలో లైన్ విరవడం ఆఫ్, విమ్‌లో డిఫాల్ట్స్ ఫైల్ అందరికీ లోడ్ అయ్యేలా. అన్న మొదటిది ఓకే చేసి రెండోది వెనక్కి పంపాడు. "నీకు మంచిగుంటే నీ ఫైల్ల పెట్టుకో. పన్నెండేళ్ల నుంచి నా చెయ్యి ఇట్లనే అలవాటైంది, అందరి మీద రుద్దకు." వాదించా. కొత్తగా వచ్చేవాళ్ల సంగతేంటి అన్నా అని. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. డిఫాల్ట్ మారదు. కానీ లాగిన్ అవగానే వచ్చే స్వాగత సందేశంలో మూడు లైన్లు ఉంటాయి. ఈ సర్వర్‌లో ఏ ఎడిటర్ ఉంది, దాన్నుంచి బయటకు ఎలా రావాలి, రంగులు కావాలంటే ఏ లైన్ రాసుకోవాలి.

అన్న ఆ మెసేజ్‌కి తనే నాలుగో లైన్ కలిపాడు. 'ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగ్ మార్చేముందు ఇంకో సెషన్ తెరిచి పెట్టుకోండి' అని.